బీబీసీ రేడియో 4ని ఒక రోజంతా వినడం ఎలా: పొద్దున వార్తల నుంచి అర్ధరాత్రి సముద్ర వాతావరణం దాకా

బ్రిటన్‌కి చదువుకో ఉద్యోగానికో వెళ్లినవాళ్లకి మొదటి నెలలోనే ఎవరో ఒకరు సలహా ఇస్తారు, "రేడియో 4 విను, ఇంగ్లీషు దానంతటదే వస్తుంది" అని. సలహా మంచిదే. ఎలా వినాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆప్ తెరవగానే ఎవరో ఇద్దరు ఏదో బిల్లు గురించి వాదించుకుంటూ ఉంటారు, మంత్రి ఎవరో తెలీదు, బిల్లు ఏంటో తెలీదు, పది నిమిషాలకి విసుగొచ్చి పాటలు పెట్టేసుకుంటాం. ఇంకోసారి తెరిస్తే గులాబీ మొక్కకి తెగులు పట్టిందని ఒకాయన బాధపడుతుంటాడు, మరోసారి నాటకం మధ్యలో ఎవరో ఏడుస్తుంటారు. ఈ స్టేషన్ ఎవరికోసం రా బాబూ అనిపిస్తుంది.

పాటలు దాదాపు ఉండవు, వాణిజ్య ప్రకటనలు అసలే ఉండవు, పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా మాటలే. 1967 సెప్టెంబరు 30న బీబీసీలోనే హోమ్ సర్వీస్ అనే పాత స్టేషన్ స్థానంలో మొదలైంది, దానికన్నా పాత కార్యక్రమాలు కూడా ఇందులో ఇంకా నడుస్తున్నాయి. ఇలాంటి స్టేషన్‌ని పాడ్‌కాస్ట్‌లా ఏరుకుని వినడం కన్నా టైముకి వినడమే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ ఏ గంటకి ఏమొస్తుందో ఏళ్ల తరబడి పెద్దగా మారదు. ఆ గడియారం ఒకసారి ఒంటబడితే మిగతాది సులువు. కింద చెప్పేదంతా సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉండే రోజు గురించి, శని ఆదివారాల సంగతి మధ్యమధ్యలో చెబుతాను.

మొదట, ఎక్కడ వినాలి

బ్రిటన్‌లో ఉంటే మామూలు ఎఫ్ఎం రేడియో చాలు. చాలా ప్రాంతాల్లో 92 నుంచి 95 మధ్య ముల్లు తిప్పితే దొరుకుతుంది, కొన్నిచోట్ల 103 దాటాక. డిజిటల్ రేడియో ఉంటే పేరుతోనే కనిపిస్తుంది, టీవీకి ఫ్రీవ్యూ ఉంటే 704వ చానల్. ఫోన్‌లో అయితే బీబీసీ సౌండ్స్ ఆప్. కొత్తగా వెళ్లిన విద్యార్థులకి టీవీ లైసెన్స్ ఉత్తరాలు వస్తే టెన్షన్ పట్టుకుంటుంది కదా, రేడియో వినడానికి లైసెన్స్ అక్కర్లేదు. 1971లోనే రేడియో లైసెన్స్ తీసేశారు. లైసెన్స్ కావాల్సింది లైవ్ టీవీకి, బీబీసీ ఐప్లేయర్‌కి.

హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో కూర్చుని వినాలంటే వేరే దారి. సౌండ్స్ ఆప్‌ని బ్రిటన్ బయటివాళ్లకి 2025లో ఆపేశారు. బీబీసీ వెబ్‌సైట్‌లో, బీబీసీ అని ఉండే మామూలు ఆప్‌లో రేడియో 4 లైవ్ వస్తుంది. పాడ్‌కాస్ట్ ఆప్‌లలో కూడా చాలా కార్యక్రమాలు విడిగా దొరుకుతాయి, కానీ ముందే చెప్పానుగా, మొదటి వారం లైవ్ మాత్రమే వినండి.

ఎఫ్ఎంకీ ఇంటర్నెట్‌కీ ఒక తేడా ఉంది. గంట కొట్టే ముందు ఆరు పిప్‌లు, అంటే బీప్ చప్పుళ్లు, వినిపిస్తాయి. మొదటి ఐదు చిన్నవి, సెకనులో పదో వంతు, ఆరోది అర సెకను. ఆ ఆరోది మొదలైన క్షణమే సరిగ్గా గంట అయినట్టు. 1924 ఫిబ్రవరి 5 నుంచి ఇది నడుస్తోంది. ఫోన్‌లోనో డిజిటల్ రేడియోలోనో వింటే ఈ పిప్‌లు కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తాయి, కాబట్టి వాచీ సరిచేసుకోవాలనుకుంటే పాత ఎఫ్ఎం సెట్టే దిక్కు. యాంకర్లు పిప్‌ల మీద మాట్లాడకూడదు, అది ఆ స్టూడియోలో పెద్ద తప్పు కింద లెక్క. మంత్రిగారు వాక్యం మధ్యలో ఉంటే, సెకన్లు దగ్గరపడేకొద్దీ యాంకర్ గొంతులో వచ్చే ఆ చిన్న తొందర గమనించండి, భలే సరదాగా ఉంటుంది.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది: మొత్తం వినొద్దు

ఆరింటికి 'టుడే' మొదలవుతుంది. 1957 నుంచి ఉన్న కార్యక్రమం. మూడు గంటలు ఏకధాటిగా వార్తలు, ఇంటర్వ్యూలు. దీన్ని మొదటి నుంచి చివరిదాకా వినాలనుకోవడమే కొత్తవాళ్లు రేడియో 4 మానేయడానికి అసలు కారణం అనుకుంటాను. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూడా అలా వినరు, పళ్లు తోముకుంటూ, పిల్లలకి డబ్బా కడుతూ ముక్కలు ముక్కలుగా వింటారు.

మీరు పట్టుకోవాల్సినవి మూడే. ఒకటి, గంటకీ అరగంటకీ వచ్చే ముఖ్యాంశాలు. రెండోది, ఎనిమిదికి దాదాపు పావుగంట ముందు వచ్చే 'థాట్ ఫర్ ది డే'. మూడు నిమిషాలు కూడా ఉండదు, ఏదో ఒక మతానికి చెందిన వ్యక్తి ఆరోజు వార్తని తన విశ్వాసం వైపు నుంచి చూసి మాట్లాడతాడు. క్రైస్తవులే ఎక్కువ, యూదులు, ముస్లింలు, హిందువులు, సిక్కులు కూడా వస్తుంటారు. రాసుకొచ్చి చదివేది కాబట్టి వాక్యాలు శుభ్రంగా, నెమ్మదిగా ఉంటాయి. చెవికి తర్ఫీదు ఇవ్వడానికి దీన్ని మించింది లేదు, నచ్చకపోయినా మూడు నిమిషాలే కదా. మూడోది 8:10 ఇంటర్వ్యూ. ఆరోజు దేశంలో పెద్ద గొడవ ఏదైతే దానికి సంబంధించిన మంత్రినో ప్రతిపక్ష నాయకుణ్నో అప్పుడే కూర్చోబెడతారు. యాంకర్ అడిగిన ప్రశ్నే మూడుసార్లు అడుగుతుంటే, అవతలివాళ్లు మూడుసార్లూ వేరే సమాధానమే చెబుతుంటే, రాజకీయం ఏ ఊర్లో అయినా ఒకటేనని అర్థమవుతుంది.

ఇంకా ముందే లేచే అలవాటుంటే 5:45కి 'ఫార్మింగ్ టుడే' ఉంది. పాల ధర, గొర్రెలు, నేల తడి, సబ్సిడీలు. ఆకాశవాణి రైతుల కార్యక్రమాలు వింటూ పెరిగినవాళ్లకి ఇది పరాయిగా అనిపించదు.

తొమ్మిది నుంచి పన్నెండు: రోజును బట్టి ఎంచుకోండి

తొమ్మిదింటికి ఏ రోజు ఏమొస్తుందో తెలుసుకోవడమే సగం పని. సోమవారం 'స్టార్ట్ ది వీక్', కొత్త పుస్తకాలు రాసినవాళ్లని ఒకచోట చేర్చి మాట్లాడిస్తారు. మంగళవారం చాలావరకు 'ది లైఫ్ సైంటిఫిక్', ఒక శాస్త్రవేత్తతో జీవితం గురించీ పని గురించీ మాటామంతీ. గురువారానిది మాత్రం వదలొద్దు, అది 'ఇన్ అవర్ టైమ్'.

ఒక విషయం, ముగ్గురు ప్రొఫెసర్లు, ఒక యాంకర్, ముప్పావు గంట. అంతే. 1998 నుంచి 2025 దాకా మెల్విన్ బ్రాగ్ నడిపాడు. నేపథ్య సంగీతం లేదు, జోకులు లేవు, "ముందుగా మా శ్రోతలకి నమస్కారం" లాంటి సాగదీత లేదు, మొదటి నిమిషంలోనే విషయంలోకి దిగిపోతారు. కొత్తవాళ్లకి బెదురు పుట్టేదీ అందుకే. దీనికి చిట్కా, మీకు ముందే తెలిసిన విషయంతో మొదలుపెట్టడం. పాత ఎపిసోడ్లు వెయ్యికి పైగా ఉచితంగా దొరుకుతాయి, వాటిలో భగవద్గీత మీద ఒకటుంది, ఉపనిషత్తుల మీద ఒకటుంది, అశోకుడి మీద ఒకటుంది. కథ మీకు తెలుసు కాబట్టి చెవి పూర్తిగా భాష మీదే పెట్టొచ్చు. వాళ్లు ఏ మాటకి ఎలా అభ్యంతరం చెబుతారో, "అది అంత తేలిక కాదు" అని ఎన్ని రకాలుగా అంటారో చూడండి. యూనివర్సిటీ సెమినార్‌లో నోరు విప్పడానికి భయపడే మన పిల్లలకి ఇది కోచింగ్ సెంటర్ కన్నా ఎక్కువ పనికొస్తుంది. లైవ్ నియమానికి నేను ఇచ్చే మినహాయింపు ఈ పాత నిల్వలకే.

అదే పాత నిల్వల్లో ఇంకోటి వెతకండి. 2015, 2016లలో సునీల్ ఖిల్నానీ యాభైమంది భారతీయుల జీవితాల మీద రేడియో 4కి ఒక సిరీస్ చేశాడు. ఒక్కొక్కటి పావుగంటే. అందులో శ్రీకృష్ణదేవరాయల మీద ఒక భాగం ఉంది. మనకి రాయలంటే భువనవిజయం, అష్టదిగ్గజాలు. బయటి శ్రోతకి ఆయన్ని ఎక్కణ్నుంచి మొదలుపెట్టి పరిచయం చేస్తారో విని చూడండి.

పదింటికి 'విమన్స్ అవర్'. 1946లో మొదలైంది. పేరు చూసి మగవాళ్లు దాటేస్తుంటారు, అనవసరంగా. మెనోపాజ్ నుంచి పింఛన్ల దాకా, కోర్టు తీర్పుల నుంచి వంట దాకా ఏదైనా రావచ్చు, మామూలు మనుషులు మామూలుగా మాట్లాడే ఇంగ్లీషు వినాలంటే ఇదే సరైన చోటు. ఇంట్లో చిన్నపిల్లలతో ఉండే అమ్మాయిలకి, డిపెండెంట్ వీసా మీద వెళ్లి పగలంతా ఒంటరిగా ఉండేవాళ్లకి ముందు దీన్నే చెబుతాను. ఆ దేశంలో ఆడవాళ్లకి ఏ హక్కులున్నాయో, ఏది ఇబ్బంది అయితే ఎవరిని అడగాలో మాటల్లోనే తెలుస్తుంది.

మధ్యాహ్నం: వార్తలు తక్కువ, కథలు ఎక్కువ

ఒంటిగంటకి 'ది వరల్డ్ ఎట్ వన్', మళ్లీ వార్తలే. పొద్దున విన్నారు కాబట్టి దీన్ని వదిలేసినా పాపం లేదు. మీకు కావాల్సింది రెండింటికి వస్తుంది. 'ది ఆర్చర్స్'.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1951 జనవరి 1 నుంచి నడుస్తున్న రేడియో ధారావాహిక. ఆంబ్రిడ్జ్ అనే ఊరు, బోర్సెట్‌షైర్ అనే జిల్లా, రెండూ కల్పితమే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినా తిండికి ఇంకా రేషన్ నడుస్తున్న రోజుల్లో, రైతులకి కొత్త పద్ధతులు చెప్పి దిగుబడి పెంచాలని పుట్టిన కార్యక్రమం ఇది. 1948లో బర్మింగ్‌హామ్‌లో రైతులతో జరిగిన సమావేశంలో, ఉత్కంఠ కథలు వచ్చినట్టు వ్యవసాయం మీద కూడా ఒకటి రావాలని ఒక రైతు లేచి అన్నాడు, అక్కణ్నుంచి మొదలైంది. పాఠాలు చెప్పే బాధ్యత ఎప్పుడో తగ్గిపోయింది, పొలం మాత్రం పోలేదు. బ్రూక్‌ఫీల్డ్ అనే పొలం ఎవరికి దక్కాలి, పాల వ్యాపారం మానేయాలా వద్దా, అన్నదమ్ముల పిల్లల్లో ఎవరు ఊర్లో ఉండాలి ఎవరు వెళ్లిపోవాలి. గోదావరి జిల్లాల్లోనో గుంటూరు వైపో పెరిగిన మనిషికి ఈ గొడవలు విడమర్చి చెప్పాలా?

ఎపిసోడ్ పావుగంట కూడా ఉండదు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా రాత్రి ఏడింటికి కొత్తది, మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అదే మళ్లీ, శుక్రవారానిది తప్ప. వారం మొత్తం కలిపి ఆదివారం పొద్దున ఒకేసారి వేస్తారు.

వినే పద్ధతి ఇది. మొదటి వారం ఎవరు ఎవరో పట్టించుకోవద్దు. ఆర్చర్లు, ఆల్డ్రిడ్జ్‌లు, గ్రండీలు, కార్టర్లు అని కుటుంబాలు చాలా ఉన్నాయి, వంశవృక్షం గీసుకుంటూ కూర్చుంటే కథ దాటిపోతుంది. రెండో వారం రెండు గొంతుల్ని గుర్తుపట్టండి చాలు. గొంతుతో పాటు చోటు కూడా చప్పుడుతోనే తెలుస్తుంది: గ్లాసుల మోత వస్తే 'ది బుల్' అనే పబ్‌లో ఉన్నట్టు, ఆవులు అరిస్తే కొట్టంలో. పొలం గేటు కిర్రుమని తెరుచుకుంటుంది కదా, ఆ చప్పుడు స్టూడియోలో చాలాకాలం పాత ఇస్త్రీ బల్లని లాగి తెప్పించేవాళ్లు. మూడో వారానికి మీకే ఒక పాత్ర మీద ఒళ్లు మండుతుంది. అక్కడితో మీరు శ్రోత అయిపోయినట్టే.

ఆర్చర్స్ తర్వాత వారంలో కొన్ని రోజులు రేడియో నాటకం ఉంటుంది, ముప్పావు గంట. ఆకాశవాణి నాటకాలు విన్న తరానికి ఇష్టంగా ఉంటుంది, మిగతావాళ్లు నెల ఆగి ప్రయత్నించండి, మొదట్లోనే అయితే యాసలు ఇబ్బంది పెడతాయి. గ్లాస్గో మనిషీ బెల్‌ఫాస్ట్ మనిషీ పోట్లాడుకుంటుంటే ఎవరు గెలిచారో కూడా తెలీదు.

శుక్రవారం మూడింటికి 'గార్డెనర్స్ క్వశ్చన్ టైమ్'. 1947లో ఒక హోటల్‌లో మొదలై ఇప్పటికీ ఊరూరా తిరుగుతోంది. హాల్లో జనం లేచి "మా టమాటాలు పగిలిపోతున్నాయి, ఎందుకు?" అని అడుగుతారు, వేదిక మీదున్న ముగ్గురు నిపుణులు తలా ఒకటి చెబుతారు. ఐఈఎల్‌టీఎస్‌కి చదివేవాళ్లకి వార్తలు వినమని చెబుతుంటారు, నన్నడిగితే వార్తలకన్నా ఇది నయం. ప్రశ్న చిన్నది, జవాబు సూటిగా ఉంటుంది, నిపుణులు ఒకరినొకరు మర్యాదగా ఖండించుకుంటారు. మొక్కల లాటిన్ పేర్లు అర్థం కావు, వదిలేయండి, అక్కడున్న సగంమందికీ అర్థం కావు.

సాయంత్రం

ఐదింటికి 'పీఎం', ఆరింటికి అరగంట వార్తలు. ఇవన్నీ వినే ఓపిక ఎవరికీ ఉండదు, రోజుకి ఒక్క పూర్తి బులెటిన్ చాలనుకుంటే ఆరింటిదే వినండి. రోజంతా జరిగింది వడకట్టి చెబుతారు. ఆరింటికి పిప్‌లు ఉండవు, వాటి బదులు లండన్‌లోని బిగ్ బెన్ గంట వినిపిస్తుంది. అర్ధరాత్రికీ అంతే.

ఆరున్నరకి నవ్వులు. ఇది కొత్తవాళ్లకి అన్నిటికన్నా కష్టమైన అరగంట. 'ది న్యూస్ క్విజ్' శుక్రవారాల్లో వస్తుంది, వారం వార్తలు తెలియకపోతే ఒక్క జోకూ తగలదు, కాబట్టి దాన్ని చివరికి పెట్టుకోండి. 'జస్ట్ ఎ మినిట్' వచ్చే వారాలుంటాయి, దానితో మొదలుపెట్టండి. ఇచ్చిన విషయం మీద ఒక నిమిషం ఆగకుండా, అన్న మాట మళ్లీ అనకుండా, దారి తప్పకుండా మాట్లాడాలి. తడబడితే అవతలివాడు బజర్ నొక్కేస్తాడు. ఇదొక్కటే నియమం, ఆట ఇట్టే అర్థమవుతుంది. ఇంట్లో తెలుగులో ఆడి చూడండి, "అంటే", "అదే", "మరి" లేకుండా నిమిషం మాట్లాడటం ఎంత కష్టమో తెలుస్తుంది.

శుక్రవారం ఎనిమిదింటికి 'ఎనీ క్వశ్చన్స్'. వారానికో ఊరు, ఏదో బడిలోనో గుడిలోనో జనం ముందు రాజకీయ నాయకులు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఓటు హక్కున్నవాళ్లు తప్పక వినాలి. కామన్‌వెల్త్ దేశాల పౌరులుగా బ్రిటన్‌లో సక్రమంగా ఉంటున్న భారతీయులకి అక్కడి ఎన్నికల్లో ఓటు వేసే హక్కు ఉందని మనవాళ్లలో చాలామందికి తెలీదు.

రాత్రి 12:48: సముద్రం భాష నేర్చుకోండి

10:45కి పుస్తక పఠనం పావుగంట, ఆ తర్వాత చాలామంది పడుకుంటారు. మీరు వారంలో ఒక్కరోజైనా మేలుకుని 12:48కి వచ్చే 'షిప్పింగ్ ఫోర్‌కాస్ట్' వినండి. ముందు 'సెయిలింగ్ బై' అనే నెమ్మదైన వాల్ట్జ్ సంగీతం వేస్తారు, తర్వాత బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 ప్రాంతాలుగా విడదీసి ఒక్కోదానికి వాతావరణం చదువుతారు. నార్వే వైపున్న వైకింగ్‌తో మొదలై, గుండ్రంగా తిరిగి ఆగ్నేయ ఐస్‌లాండ్‌తో అయిపోతుంది. ఏదో మంత్రం చదువుతున్నట్టుంటుంది, కానీ గుట్టు తెలిస్తే ప్రతి మాటా అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ: "డాగర్. సౌత్‌వెస్ట్ ఫైవ్ టు సెవెన్, అకేషనల్లీ గేల్ ఎయిట్. రెయిన్ లేటర్. గుడ్, అకేషనల్లీ పూర్." ముందు ప్రాంతం పేరు. తర్వాత గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది, ఎంత బలంగా. గాలి అనే మాట అనరు, నేరుగా అంకె చెప్పేస్తారు, ఎనిమిదికి చేరితే తుఫాను గాలి కింద లెక్క. తర్వాత వాన. చివర్లో వచ్చే గుడ్, పూర్ అన్నవి వాతావరణం బాగుందనో బాలేదనో కాదు, ఎంత దూరం కనిపిస్తుందో చెప్పేవి. ఐదు నాటికల్ మైళ్లకు మించి కనిపిస్తే గుడ్, రెండు మైళ్లలోపే అయితే పూర్. కాలం గురించిన మాటలకి కూడా లెక్కలున్నాయి: ఇమ్మినెంట్ అంటే ఆరు గంటల్లోపు, సూన్ అంటే ఆరు నుంచి పన్నెండు, లేటర్ అంటే పన్నెండు దాటాక.

మచిలీపట్నం, కాకినాడ, విశాఖ రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని, మత్స్యకారులు వేటకి వెళ్లొద్దని మన రేడియోలో విన్నవాళ్లకి ఇది సరదా కార్యక్రమం కాదని వెంటనే తెలుస్తుంది. లక్షలమంది నిద్రపట్టడానికి వింటారు సరే, బులెటిన్ తయారుచేసేది మాత్రం అక్కడి వాతావరణ శాఖ, పడవల కోసమే.

అది అయ్యాక జాతీయ గీతం, ఒంటిగంట నుంచి తెల్లవారుజాము దాకా బీబీసీ అంతర్జాతీయ స్టేషన్ వరల్డ్ సర్వీస్ ప్రసారాలు.

ఆఖరిది: మీ గడియారంలోకి మార్చుకోండి

ఇండియాలో ఉంటే బ్రిటన్ టైముకి వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు కలపాలి. అంటే వేసవిలో 8:10 ఇంటర్వ్యూ మనకి మధ్యాహ్నం 12:40కి, ఆర్చర్స్ పునఃప్రసారం సాయంత్రం ఆరున్నరకి, షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ తెల్లవారి 5:18కి. కాఫీ టైముకి సరిపోతుంది, మేలుకోవాల్సిన పనే లేదు. గురువారం 'ఇన్ అవర్ టైమ్' మధ్యాహ్నం ఒకటిన్నరకి. న్యూజెర్సీలో అయితే ఐదు గంటలు తీసేయాలి, డాలస్‌లో ఆరు. అక్కడ ఆర్చర్స్ కొత్త ఎపిసోడ్ లంచ్ అయ్యాక, షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ సాయంత్రం ఇంటికొచ్చాక.

బ్రిటన్‌లో గడియారాలు మార్చి చివరి ఆదివారం ముందుకి, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుగుతాయి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. మధ్యలో ఆ రెండు మూడు వారాలు వసంతంలో, ఒక వారం శరత్తులో అమెరికా శ్రోతలకి అంతా ఒక గంట తేడాగా వస్తుంది. ఆర్చర్స్ కోసం ఆప్ తెరిస్తే వేరే ఏదో వస్తోందని కంగారు పడకండి, ముందు క్యాలెండర్ చూసుకోండి.